మాత్ర మీద లేని పేరు

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో మెడికల్ షాపులో కొన్న జ్వరం మాత్రల అట్టను ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, ఎప్పుడు చేశారు, ఎప్పటిదాకా వాడొచ్చు, ఏ కంపెనీ, ఏ ఊరు, లైసెన్సు నంబరెంత, అన్నీ ఉంటాయి. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ కూడా ఉండాలన్నారు. ఫోను పెట్టి చూస్తే అవే వివరాలు మళ్ళీ వస్తాయి. ఇంత చెప్పే అట్ట ఒక్క సంగతి దగ్గర నోరు మెదపదు. ఈ మందు మందు కాకముందు ఏమిటి? అది ఎక్కడ తయారైంది?

650 మి.గ్రా. పారాసిటమాల్ మాత్రనే తీసుకుందాం. రవ్వంత వృథా కాకుండా చేసినా, అంత మందు రావడానికి 469 మి.గ్రా. పారా అమైనో ఫినాల్ కావాలి. ఫ్యాక్టరీ భాషలో పీఏపీ. మాత్రలోని మందులో సుమారు ముప్పాతిక వంతు దానిదే. అయినా ఆ పేరు డాక్టరు చీటీలో ఉండదు, షాపు బిల్లులో ఉండదు. ముడి రసాయనానికీ మందుకీ నడుమ ఉండే ఇలాంటి పదార్థాలను ఇంటర్మీడియట్లు అంటారు. హైదరాబాద్ చుట్టూ, విశాఖ తీరాన, 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా మన మందుల పరిశ్రమ నిలబడింది వీటి మీదే.

కష్టమంతా ముందు మెట్టులోనే

పీఏపీ చేతిలో ఉంటే పారాసిటమాల్ చేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. రియాక్టర్లో పీఏపీ వేసి, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ పోసి వేడిచేస్తారు. రెండూ కలిసి పారాసిటమాల్ అవుతుంది, పక్కన ఎసిటిక్ ఆమ్లం మిగులుతుంది. వెనిగర్‌లో ముక్కుకు తగిలే ఘాటు దానిదే. చల్లారిస్తే స్ఫటికాలు దిగుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, శుద్ధిచేసి, డ్రయర్‌లో ఆరబెడితే మందు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివినవాళ్ళు చాలామంది దీన్ని కాలేజీ ల్యాబులోనే చేసి ఉంటారు.

పీఏపీని చేయడం అలా కాదు. పాత పద్ధతిలో పారా నైట్రో క్లోరో బెంజీన్‌ను కాస్టిక్ సోడాతో ఒత్తిడి మీద ఉడికించి నైట్రోఫినాల్ చేస్తారు. తర్వాత ఇనుపరజను, ఆమ్లం వేసి దాన్ని పీఏపీగా మారుస్తారు. పొడితోపాటు నల్లటి ఇనుప బురద కూడా కుప్పలు పడుతుంది. ఆ బురదతో వేగలేక ఇనుము బదులు హైడ్రోజన్ వాయువు వాడటం మొదలుపెట్టారు. రెండో పద్ధతిలో నైట్రోబెంజీన్‌ను పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, ప్లాటినం ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్‌తో కలిపి నేరుగా పీఏపీకి వెళతారు. ఒక మెట్టు తగ్గుతుంది గానీ పక్కనే అనిలిన్ పుడుతుంది, చివర ఆమ్లాన్ని అమోనియాతో విరిచేస్తే బోలెడు ఉప్పునీరు మిగులుతుంది. నైట్రోబెంజీన్ గానీ అనిలిన్ గానీ చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగి, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తాయి. హైడ్రోజన్ అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు.

ప్రమాదం, వ్యర్థం, ఖర్చు మూడూ మందుకు ముందు మెట్టులోనే పోగుపడి ఉన్నాయి. కానీ మందు అనే పేరూ, దానితో వచ్చే గౌరవం, నిఘా మాత్రం ఆ తర్వాతి మెట్టు నుంచే మొదలవుతాయి. ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం లాంటి మెట్ట ఊళ్ళకు ఈ విషయంతో పనేమిటని అడిగితే జవాబు ఇక్కడే ఉంది.

పీఏపీ మంచి సరుకైతే తెల్లగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ గులాబీ రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ తిరిగే గుణం వల్లే దానికి వేరే ఉద్యోగాలూ దొరికాయి. 1891లో జర్మనీ కంపెనీ ఆగ్ఫా దాన్ని ఫోటోలు కడిగే ద్రావణంగా 'రోడినాల్' పేరుతో అమ్మింది. జుట్టు రంగుల్లో ఇప్పటికీ వాడతారు. కడుపులోకి మాత్రం వెళ్ళకూడదు, మూత్రపిండాలకు చేటు. అందుకే కిలో పారాసిటమాల్‌లో పీఏపీ 50 మిల్లీగ్రాములకు మించకూడదని ఫార్మకోపియాలు గీత గీశాయి. మందులో ముప్పాతిక వంతు ఏ పదార్థం నుంచి వచ్చిందో, ఆ పదార్థమే చివరికి మిగలకూడని మలినం.

పారాసిటమాల్‌ను అమెరికాలో హార్మన్ మోర్స్ 1878లోనే చేశాడు. డెబ్భై ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1948లో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అనే ఇద్దరు దాని గుణం తేల్చి చెప్పాక, 1955లో అక్కడి మార్కెట్లోకి టైలెనాల్‌గా వచ్చింది.

బాలానగర్ బడి

మనవాళ్ళు ఈ విద్య నేర్చిన బడి హైదరాబాద్ బాలానగర్‌లోని ఐడీపీఎల్. 1960లలో సోవియట్ సాయంతో వచ్చిన ఆ ప్రభుత్వ కర్మాగారంలో మందును ముక్కలుగా విడదీసి, మెట్టు వెనక మెట్టుగా కట్టుకురావడం ఒక తరం కెమిస్టులకు చేతి పనైంది. కృష్ణ ఇవతలి గట్టున విజయవాడ, అవతలి గట్టున తాడేపల్లి. ఆ తాడేపల్లి రైతు బిడ్డ కె.అంజిరెడ్డి 1969లో పుణె జాతీయ రసాయన ప్రయోగశాల (ఎన్‌సీఎల్)లో పీహెచ్‌డీ ముగించి చేరింది ఐడీపీఎల్‌లోనే. బయటికొచ్చి యూనిలాయిడ్స్‌లో మెట్రోనిడజోల్ చేశారు, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్. కృష్ణా జిల్లావాడైన మురళి దివి అమెరికా నుంచి తిరిగొచ్చి కొంతకాలం ఆయనతో కలిసి పనిచేసి, 1990లో సొంత సంస్థ పెట్టుకున్నారు. 1995లో చౌటుప్పల్ దగ్గర తొలి ఫ్యాక్టరీ కట్టారు. హైదరాబాద్ బస్సెక్కిన జగ్గయ్యపేటవాళ్ళంతా ఆ దారినే వెళతారు.

చట్టం కూడా కలిసొచ్చింది. 1970 పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మందు మీద పేటెంటు లేదు, చేసే పద్ధతి మీదే ఉంది. పద్ధతి మారిస్తే మందు నీదే. 2005 దాకా సాగిన ఆ కాలంలో కెమిస్టు తెలివంతా మెట్లు తగ్గించడంలోనూ, 'ఈల్డు', అంటే దిగుబడి, పెంచడంలోనూ పెట్టాడు. ఐదు మెట్ల ప్రక్రియలో ఒక్కో మెట్టు దగ్గర 80 శాతం ఈల్డు వస్తే చివరికి మిగిలేది 33 శాతమే. ప్రతి మెట్టునూ 90కి తేగలిగితే 59. లాభమంతా ఆ తేడాలో ఉంది. కొందరు ఐదు మెట్లూ తామే ఎక్కడం మానేసి, మొదటి మూడు మెట్ల సరుకు బయట కొనడం మొదలుపెట్టారు. అలా పుట్టినవే ఇంటర్మీడియట్ యూనిట్లు. నాలుగు రియాక్టర్లు, ఒక బాయిలరు, ఒక షెడ్డు, ఇద్దరు ఎమ్మెస్సీలు, షిఫ్టుకు కొందరు హెల్పర్లు. చేసేది ఒకటో రెండో స్టేజీలు, ఆపైన డ్రమ్ముల్లో నింపి పెద్ద కంపెనీకి పంపడం.

ఆ తర్వాత ఆ మూడు మెట్లూ చైనాకు తరలిపోయాయి. అక్కడ ధర తక్కువ. ఎంత తక్కువంటే, మనదగ్గర చేయగలిగినవాళ్ళు కూడా యూనిట్లు మూసుకుని అక్కడి నుంచే కొనుక్కున్నారు. మందు పొడుల (బల్క్ డ్రగ్స్) దిగుమతుల్లో విలువ లెక్కన సుమారు మూడింట రెండు వంతులు చైనావే అయ్యాయి.

2020 మార్చి నాటికి పరిస్థితి అది. కరోనా తొలి రోజుల్లో తెలుగు ముఖ్యమంత్రులిద్దరూ పారాసిటమాల్ పేరెత్తి జోకుల పాలయ్యారు. ఆ నవ్వుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ముచ్చట ఇంకొకటుంది. మార్చి 3న కేంద్రం పారాసిటమాల్‌తో సహా 13 మందు పొడుల ఎగుమతికి, వాటితో చేసే మాత్రల ఎగుమతికీ పగ్గం వేసింది. ప్రపంచానికి పారాసిటమాల్ పంపే దేశం ఉన్నట్టుండి తలుపు మూయాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ పొడికి కావలసిన పీఏపీలో ఎక్కువ భాగం అప్పట్లో చైనా నుంచే రావాల్సి ఉండేది. రెండు రూపాయలు అటూ ఇటూ ఉండే మాత్ర కోసం దేశం వణికింది.

ఆ జూలైలో రూ. 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం వచ్చింది. అందులోని 41 ఉత్పత్తుల్లో పీఏపీ ఉంది. మెట్రోనిడజోల్‌కు ముందు మెట్టైన 2-మిథైల్-5-నైట్రో ఇమిడజోల్ కూడా ఉంది. 1970లలో అంజిరెడ్డి చేసిన మందుకు కావలసిన పొడి ఇది. దాన్ని మళ్ళీ ఇక్కడ చేయించడానికి నలభై ఏళ్ళ తర్వాత ప్రభుత్వం డబ్బు పెట్టాల్సి వచ్చింది. ఆ పథకంలో మన తీరానికి వచ్చిన పెద్ద ఫలితం కాకినాడ జిల్లా తొండంగి మండలంలోని పెన్సిలిన్-జి కర్మాగారం. అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్‌ది. సామర్థ్యం ఏడాదికి 15,000 టన్నులు, ప్రధాని 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. అక్కడ రియాక్టర్ల బదులు బూజు పని చేస్తుంది కాబట్టి ఆ కథ వేరు.

ఇటు మందూ కాదు, అటు ముడిసరుకూ కాదు

మందు పొడి చేసేవాడికి డ్రగ్ లైసెన్సు కావాలి, డ్రగ్ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇంటర్మీడియట్ చేసేవాడికి సాధారణంగా ఆ లైసెన్సు అక్కర్లేదు, చట్టం దృష్టిలో అతడిది రసాయనాల ఫ్యాక్టరీ. విదేశీ కొనుగోలుదారు గట్టివాడైతే ముందు మెట్లను కూడా వచ్చి చూసిపోతాడు. అది అతడి సరుకు నాణ్యత కోసం, మన ఊరి బావి కోసం కాదు. విచిత్రమేమిటంటే, పీఏపీలో పోసే ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌కు మాత్రం లీటరు లీటరుకూ లెక్కలు రాయాలి. దానితో హెరాయిన్ చేయొచ్చు కాబట్టి మాదకద్రవ్యాల చట్టం దాన్ని నియంత్రిత పదార్థాల్లో చేర్చింది. నేరగాళ్ళు వాడతారంటే చట్టానికి చప్పున మెలకువ వస్తుంది. కూలీలు పీలుస్తారంటే అంత తొందరగా రాదు.

పర్యావరణ అనుమతి మాత్రం తప్పదు. 2006 నోటిఫికేషన్‌లో 5(ఎఫ్) కింద బల్క్ డ్రగ్స్, ఇంటర్మీడియట్లు ఒకే వరుసలో ఉన్నాయి. పారిశ్రామికవాడ బయట పెట్టాలంటే సాధారణంగా కేంద్రం దాకా వెళ్ళాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కరోనా పేరు చెప్పి 2020 మార్చి 27న కొంత గడువు పెట్టి వీటిని బి2 కిందికి దించారు. అంటే ఆ గడువులో దరఖాస్తు చేసుకున్నవాళ్ళకు ఊరి ముందు నిలబడే పని తప్పింది. మందుల కొరత నిజమే, ఆత్రం అర్థమవుతుంది. కానీ ఆ మినహాయింపుతో మొలిచిన ఫ్యాక్టరీ గడువుతో పాటు పోదు, పాతికేళ్ళు ఉంటుంది.

మెట్ట మీద

రెడ్డిగూడెం మామిడి తోటల మండలం. అటు జగ్గయ్యపేట, నందిగామల్లో పత్తి, మిరప, సిమెంటు. పాలేరు, మున్నేరు, వైరా వచ్చినప్పుడే నీళ్ళు. సాగర్ ఎడమ కాలువకు చివరి భూములు కావడంతో మిగతా రోజుల్లో బోరే దిక్కు. రాతి నేలలో పగుళ్ళ వెంట దిగిన రసాయనం ఏ బోరులో తేలుతుందో చెప్పలేం. వెనక్కి తీయడం ఇంకా కష్టం. పటాన్‌చెరు చుట్టుపక్కల నక్కవాగు ఊళ్ళవాళ్ళు ఈ పాఠాన్ని కోర్టుల చుట్టూ తిరిగి నేర్చుకున్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అది శుద్ధిచేసిన నీరు.

మన మెట్టకు పాఠం ఇంకా దగ్గరగా వచ్చింది. రెడ్డిగూడెం కాదు, పేరులో దాన్ని మోసే అక్కిరెడ్డిగూడెం. నూజివీడుకు ఆవల ముసునూరు మండలం. అంతకుముందు కృష్ణా జిల్లా, ప్రమాదం జరిగేనాటికి ఏలూరు జిల్లాలోకి వెళ్ళి పది రోజులైనా కాలేదు. 2022 ఏప్రిల్ 13 రాత్రి అక్కడి పోరస్ లేబొరేటరీస్ యూనిట్‌లో మంటలు లేచి, రియాక్టర్ పేలింది. తెల్లారేసరికి లెక్క ఆరుగురు. అందులో నలుగురు బిహార్ నుంచి వచ్చిన కూలీలు. ప్రభుత్వం మృతుల కుటుంబాలకు రూ. 25 లక్షల చొప్పున ప్రకటించింది, కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీని మూయించింది. ఊరివాళ్ళు రోడ్డెక్కింది మాత్రం పరిహారం కోసం కాదు, ఆ ఫ్యాక్టరీ అక్కడ అసలు వద్దని.

ఆ రాత్రి రియాక్టర్లో ఉన్నదాన్ని వార్తలు 4-నైట్రో-ఎన్-మిథైల్ థాలిమైడ్ అని రాశాయి. ప్లాస్టిక్ పరిశ్రమకు వెళ్ళే ఇంటర్మీడియట్ అది. మందుది కాదు కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. నైట్రో గుంపు ఎక్కించడం, తీయడం, వేడి అదుపు తప్పకుండా చూడటం ఏ సరుకుకైనా ఒకటే. ఈ నెల మందు మెట్టు చేసిన రియాక్టరు వచ్చే నెల ప్లాస్టిక్ మెట్టు చేయగలదు. బయటి నుంచి చూసేవాడికి తెలిసేది గొట్టం, పొగ, వాసన. అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియాలో 2024 ఆగస్టు 21న 17 మంది పోయింది కూడా ఇంటర్మీడియట్లు, మందు పొడులు చేసే చోటే. లీకైంది మందు కాదు, ఎంటీబీఈ అనే ద్రావకం.

కాబట్టి మెట్ట ఊళ్ళో ఎవరైనా 'మందుల ఫ్యాక్టరీ వస్తోంది, ఉద్యోగాలొస్తాయి' అంటే అడగాల్సింది ఏ మందు అని కాదు. ఏ మెట్టు అని. నైట్రేషన్ ఉందా, హైడ్రోజన్ వాడతారా, రోజుకు ఎన్ని వేల లీటర్ల ద్రావకం నిల్వ ఉంటుంది, ఉప్పునీరు ఎక్కడికి పోతుంది, ఫైరింజను ఎంత దూరంలో ఉంది, రాత్రి షిఫ్టులో కెమిస్టు ఉంటాడా, హెల్పరొక్కడే ఉంటాడా. ఇవన్నీ దరఖాస్తు కాగితాల్లో రాయాల్సిన సంగతులే, చాలావరకు రాసే ఉంటాయి. అనుమతి వచ్చాక షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ నివేదిక ఇవ్వాలి, అది జనానికి అందుబాటులో ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చే సారాంశం తెలుగులోనూ ఉండాలని నియమం. ఆరునెలలకోసారి వచ్చే ఆ నివేదికకు మాత్రం అలాంటి నియమమేదీ లేదు.