సంగీతోపాధ్యాయుని వృత్తిధర్మము

లెక్క తప్పిన బాలుని పలకపై తప్పు కనబడును, దానిని తుడిచివేయవచ్చును. పాట తప్పిన బాలుని కంఠమే తప్పుగా వినబడును. కంఠమును నిందించినచో బాలుడు తన్నే నిందించిరని తలచును. కావున సంగీతోపాధ్యాయుని ధర్మము తక్కిన యుపాధ్యాయుల ధర్మముకంటె నొక మెట్టు కఠినమైనదని నా యభిప్రాయము.

వార్షికోత్సవము సమీపించినపుడు, శ్రుతి కలియని పిల్లలతో "నీవు పెదవులు మాత్రము కదుపుము" అని చెప్పువారు కలరు. ఆ మాట వినిన బిడ్డ దేవాలయములో సయితము నోరు విప్పక పెద్దవాడగును. స్వరభేదమును నిజముగా గుర్తింపజాలనివారు మిక్కిలి కొలదిమంది; తక్కినవారికి వినుట యలవడలేదు, అంతియే. ఉపాధ్యాయుడు మొదట బిడ్డ పలికిన స్వరమును తానందుకొని, అచటనుండి యొక్కొక్క స్వరముగా నడిపింపవలయును. నిలుకడగా పాడు బాలుని ప్రక్కను నిలువబెట్టినను మేలు కలుగును. దీనికి నెలలు పట్టును; వార్షికోత్సవము ఆగదు, నిజమే. అయినను పాఠశాల ఉన్నది బిడ్డ కొఱకు గదా!

ఇక మగపిల్లలకు సామాన్యముగా పండ్రెండు మొదలు పదునైదేండ్ల ప్రాయమున గొంతు మాఱును. స్వరపేటిక పెరిగి, స్వరతంతువులు పొడవై దళసరియగుటచే గొంతు సుమారొక స్థాయి దిగును. నిన్న తారషడ్జమును సులభముగ నందుకొన్నవాడు నేడు బొంగురుపోవును. ఇది సోమరితనము కాదు. అట్టివానిని పైస్థాయిలో పాడుమని బలవంతపెట్టుట హానికరము. శ్రుతి దింపవలయును, లేక కొంతకాలము తాళమునకో తంబురాకో నియమింపవలయును. శ్రుతిని పిల్లల గొంతును బట్టి నిర్ణయింపవలెను గాని, హార్మోనియము వాయించువాని వ్రేళ్ల సౌకర్యమును బట్టి కాదు.

ఒంటరిగా పాఠము చెప్పునపుడు తలుపు తెఱచియుండవలయును. తలిదండ్రులు ఎప్పుడు వచ్చి కూర్చుండినను అభ్యంతరము చెప్పరాదు. ఊపిరి పట్టు విధమును తన దేహముపై చూపవలెను గాని, బిడ్డను తాకి కాదు. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము, బాలలపై లైంగిక నేరము జరిగినదని తెలిసియు పోలీసులకు తెలుపకుండుట కూడ శిక్షార్హమే. పాఠశాల గౌరవము పోవునని మౌనము వహించుటకు ఎవరికిని హక్కు లేదు.

వేతనము విషయము క్లుప్తముగా చెప్పెదను. ఇంటివద్ద పాఠము చెప్పి వేతనము పుచ్చుకొనుట దోషము కాదు. తరగతిలో చెప్పవలసిన వర్ణమును దాచి, సాయంకాలము రూకలకు చెప్పుట దోషము.

ఇతరుల కృషిని ఒప్పుకొనుట మఱియొక ధర్మము. ఇంగ్లండులోని నారిచ్ పట్టణమున సారా గ్లోవర్ అను నామె, బడిపిల్లలకు పాట నేర్పుటకై స్వరాక్షర పద్ధతి నొకదానిని కల్పించి, 1835లో గ్రంథముగా ప్రకటించెను. జాన్ కర్వెన్ అను బోధకుడు దానిని మార్చి, టానిక్ సోల్ఫా యను పేర వ్యాపింపజేసెను. మిషనరీల వెంట అది ఆసియా, ఆఫ్రికా ఖండములకు పోయెను. కర్వెన్ ముందుగా ఆమె యనుమతి పొందకయే మార్పులు చేసెను; ఇది మెచ్చదగినది కాదు. అయినను మూలము ఆమెదేయని బహిరంగముగా చెప్పెను. మనవారు అంతమాత్రమైనను చేయుచున్నారా? పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలను ఆయన పేరెత్తకయే పిల్లలకు నేర్పుచున్నాము. కార్యక్రమపత్రములో పాట క్రింద కవి పేరును, నేర్పిన గురువు పేరును ముద్రించుటకు రెండు పంక్తుల చోటు చాలును.