నడిసముద్రంలో సెల్‌ఫోను: ఏది పనిచేస్తుంది, ఏది పనిచేయదు?



సూరత్ అనగానే మనకు చీరలు, వజ్రాలు గుర్తుకు వస్తాయి. నేతపని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కానీ సూరత్ సముద్రానికి దగ్గరి ఊరు కూడా. తాపీ నది ఈ నగరం మీదుగా ప్రవహించి, పడమర దిక్కున డుమస్, హజీరాల దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. అక్కడ చేపలవేటకు వెళ్లే చిన్న పడవలు, హజీరా రేవుకు వచ్చే భారీ ఓడలు ఒకే నీటిలో తిరుగుతాయి. హజీరా నుంచి ఆవలి ఒడ్డున ఉన్న ఘోఘాకు రోడ్డు మీద సుమారు 370 కిలోమీటర్లు. సముద్రం మీద సుమారు 90 కిలోమీటర్లే. 2020 నవంబరులో ఆ రెండు ఊళ్ల మధ్య వాహనాలను కూడా ఎక్కించుకునే ఫెర్రీ మొదలైంది.

ఈనాడు పడవ ఎక్కే ప్రతివారి జేబులోనూ స్మార్ట్‌ఫోను ఉంటోంది. అందులో వాతావరణం చెప్పే యాప్, దారి చూపే యాప్, చేపలు దొరికే చోటు చెప్పే యాప్ ఉంటున్నాయి. ఇవి ఎలా పనిచేస్తాయి? ఒడ్డు కనుమరుగయ్యాక కూడా పనిచేస్తాయా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఓఖీ నేర్పిన పాఠం

2017 నవంబరు 29న శ్రీలంక సమీపంలో ఒక వాయుగుండం ఏర్పడింది. మరునాటి ఉదయానికే అది కన్యాకుమారి దగ్గర ఓఖీ తుపానుగా మారింది. హెచ్చరికలు వెలువడ్డాయి. కానీ అప్పటికి కొన్ని రోజుల ముందే కేరళ, తమిళనాడు తీరాల నుంచి ఎంతోమంది మత్స్యకారులు దూరసముద్రానికి వెళ్లిపోయారు. వారి దగ్గర ఫోన్లు ఉన్నా, వాటికి సిగ్నల్ లేదు. హెచ్చరిక ఒడ్డు దగ్గరే ఆగిపోయింది. వందలాది మంది చనిపోయారు, లేదా తిరిగి రాలేదు.

ఆ తుపాను తరువాత లక్షద్వీప్ మీదుగా సాగి, ఉత్తరానికి తిరిగి సూరత్ వైపు వచ్చింది. డిసెంబరు మొదటివారంలో దక్షిణ గుజరాత్ అంతా అప్రమత్తమైంది. తీరం చేరేలోగా తుపాను బాగా బలహీనపడటంతో అక్కడ పెద్ద ముప్పు తప్పింది. ఇక్కడ ఒక తేడా గమనించండి. సూరత్‌కు హెచ్చరిక అందింది, సిద్ధపడటానికి వ్యవధి కూడా దొరికింది. దక్షిణాన నడిసముద్రంలో ఉన్నవారికి ఆ రెండూ లేవు. సమాచారం తయారు కావడం ఒక పని. అది కావలసినవారికి చేరడం వేరే పని. ఈ పాఠానికంతటికీ ఇదే ముఖ్యాంశం.

టవరు ఎంతదూరం చూస్తుంది?

సెల్‌ఫోను తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల కొంతదూరం పోయాక సముద్రం ఉపరితలమే వాటికి అడ్డు వస్తుంది. ఆ దూరాన్ని మీరే లెక్కకట్టవచ్చు. టవరు ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే, దిగ్మండలం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. టవరు 36 మీటర్ల ఎత్తు ఉందనుకోండి. 36కు వర్గమూలం 6. దాన్ని 3.57తో గుణిస్తే సుమారు 21 కిలోమీటర్లు. పడవలో ఫోను నీటికి కొంచెం ఎత్తులో ఉంటుంది కనుక మరి నాలుగైదు కిలోమీటర్లు కలుస్తాయి. ఇది లెక్క ప్రకారం వచ్చే దూరం. వాస్తవంలో టవరు యాంటెన్నాలను జనం ఉండే నేలవైపు తిప్పి ఉంచుతారు. ఫోను శక్తి కూడా స్వల్పం. అందువల్ల చాలాచోట్ల తీరం నుంచి పది పదిహేను కిలోమీటర్లు దాటేసరికి మాటలు తెగిపోతాయి. మరబోట్లు వేటాడే చోటు అంతకన్నా ఎంతో దూరం.

దారి చూపడానికి టవరు అక్కర్లేదు

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. సిగ్నల్ లేకపోతే ఫోనులో జీపీఎస్ కూడా పనిచేయదనుకుంటారు. అది నిజం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, తమ స్థానాన్ని, సమయాన్ని ఎప్పుడూ ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం మనల్ని చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఫోను ఆ వ్యవధిని కొలిచి ఉపగ్రహం ఎంతదూరంలో ఉందో లెక్కిస్తుంది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే మనం ఉన్నచోటు తెలిసిపోతుంది. మన దేశం రూపొందించుకున్న నావిక్ వ్యవస్థలోనూ సూత్రం ఇదే.

మరి సముద్రం మీద మ్యాప్ ఖాళీగా ఎందుకు కనిపిస్తుంది? స్థానం తెలిసినా, దానికింద పరవాల్సిన పటం ఇంటర్నెట్ ద్వారా రావాలి. ఒడ్డున ఉన్నప్పుడే ఆ పటాన్ని ఫోనులోకి దింపుకుంటే ఈ చిక్కు ఉండదు. ఇంకొక సంగతి. నెట్‌వర్క్ లేనిచోట ఫోను మొదటిసారి స్థానాన్ని కనుక్కోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అందుకే రేవు దాటకముందే జీపీఎస్‌ను ఆన్ చేసి పెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం: జీపీఎస్ సంకేతం ఒకవైపే వస్తుంది. మీరెక్కడ ఉన్నారో మీ ఫోనుకు తెలుస్తుంది, కానీ ఒడ్డున ఉన్నవారికి తెలియదు.

ఆటుపోట్ల యాప్: సూరత్‌లో ప్రాణావసరం

ఖంబాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంటుంది. దక్షిణాన వెడల్పు, ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకు, లోతు తక్కువ. బయటి సముద్రం నుంచి వచ్చే పోటునీరు లోపలికి పోతూ ఎత్తు పెరుగుతుంది. భావ్‌నగర్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టంలో తేడా సుమారు 10 మీటర్లు ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు! సూరత్ దగ్గర తేడా అంతకంటే తక్కువే అయినా, మన కోస్తా తీరంలో చూసేదానికంటే చాలా ఎక్కువ. పైగా తాపీ ముఖద్వారంలో ఇసుకమేటలు ఉన్నాయి. 17వ శతాబ్దిలో పెద్ద ఓడలు నదిలోకి రాలేక, సూరత్‌కు పడమరగా ఉన్న సువాలి దగ్గరే లంగరు వేసేవి.

ఆటుపోట్ల యాప్‌లు ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయగలవు. ఎందుకంటే ఆటుపోట్లకు చంద్రుడు, సూర్యుడు కారణం. వాటి గమనం ముందే తెలుసు. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్య, పౌర్ణములకు పోటు పెద్దది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే ఆటుపోట్ల పట్టికలను అచ్చువేస్తుంది.

నీరు ఒకే వేగంతో పెరగదు. నావికులు పన్నెండో వంతుల సూత్రం అనే సులువైన లెక్క వాడతారు. పోటు, పాటు మధ్య తేడా 6 మీటర్లు అనుకుందాం. మొదటి గంటలో అర మీటరు, రెండో గంటలో 1 మీటరు, మూడు, నాలుగు గంటల్లో ఒకటిన్నర మీటరు చొప్పున, అయిదో గంటలో 1 మీటరు, ఆరో గంటలో అర మీటరు నీరు పెరుగుతుంది. మధ్య రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. పాటు సమయంలో దూరంగా బయటపడిన బురదనేల మీదికి నడిచి వెళ్లినవారు చిక్కుకుపోయేది ఈ సమయంలోనే.

వేటకూ దీనితో సంబంధం ఉంది. గుజరాత్, మహారాష్ట్ర తీరాల్లో బాంబే డక్ చేపకోసం డోల్ వల వాడతారు. ఇది సంచిలాంటి వల. దీని నోరు ప్రవాహానికి ఎదురుగా ఉండేలా ఒకచోట కట్టి ఉంచుతారు. ప్రవాహమే చేపల్ని వలలోకి తోస్తుంది. నీరు నిలకడగా ఉన్న కొద్దిసేపట్లో వలను పైకి లాగాలి. ఆ సమయం ఎప్పుడో చెప్పేది ఆటుపోట్ల లెక్కే.

చేపలున్న చోటు చెప్పే హైదరాబాద్

సముద్రమే లేని హైదరాబాద్ నుంచి దేశంలోని మత్స్యకారులందరికీ సముద్ర సమాచారం వెళుతుందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అక్కడ 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రాన్ని క్లుప్తంగా ఇన్‌కాయిస్ అంటారు. ఉపగ్రహాలు సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటి రంగును కొలుస్తాయి. పోషకాలు ఎక్కువగా ఉన్నచోట కంటికి కనిపించని వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిలోని పత్రహరితం వల్ల నీటి రంగు మారుతుంది. వాటిని తినే చిన్న జీవులు, ఆ జీవులను తినే చేపలు అక్కడికి చేరతాయి. చల్లని, వెచ్చని నీళ్లు కలిసే హద్దునూ, పత్రహరితం ఎక్కువగా ఉన్నచోటునూ కలిపి చూసి, చేపలు దొరికే అవకాశం ఉన్న ప్రాంతాన్ని గుర్తిస్తారు. ఒక్కొక్క రేవు నుంచి అది ఏ దిక్కున, ఎంతదూరంలో, ఎంత లోతులో ఉందో చెబుతారు. దీనివల్ల వెతుకులాటకు అయ్యే డీజిలు, సమయం ఆదా అవుతాయి.

దీనికి పరిమితులు లేకపోలేదు. మబ్బులు కమ్మితే ఉపగ్రహానికి నీరు కనిపించదు. తీరం దగ్గరి బురదనీటిలో రంగును బట్టి పత్రహరితాన్ని అంచనా వేయడం కష్టం. ఖంబాత్ సింధుశాఖ నీరు అలాంటిదే. ఆ సూచన అవకాశాన్ని చెబుతుందే గాని హామీ ఇవ్వదు.

ఇన్‌కాయిస్ వారి 'సముద్ర' యాప్ అలల ఎత్తు, ప్రవాహాలు, సునామీ హెచ్చరికలను అందిస్తుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ రూపొందించిన 'ఫిషర్ ఫ్రెండ్' యాప్ తెలుగులో కూడా ఉంది. వాతావరణ శాఖ వారి 'మౌసమ్', పిడుగుల హెచ్చరికకు 'దామిని' మరి రెండు ఉపయోగకరమైన యాప్‌లు. ఇవన్నీ తాజా సమాచారం కోసం ఇంటర్నెట్ మీద ఆధారపడేవే. కనుక బయలుదేరే ముందు చూసుకోవాలి.

సరిహద్దు గీత

సూరత్ నుంచి సింధుశాఖ దాటితే సౌరాష్ట్ర తీరం. అక్కడి వెరావల్ రేవులో పెద్ద బోట్ల మీద పనిచేయడానికి శ్రీకాకుళం జిల్లా నుంచి మత్స్యకారులు ఏటా వలస వెళతారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. ఏడాదికి పైగా వారి కుటుంబాలు ఎదురుచూస్తూ గడిపాయి. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం ఈ ఘటనే. తండేల్ అంటే పడవకు నాయకుడు.

నీటి మీద గీత కనిపించదు. ఆ ప్రాంతంలో రెండు దేశాల సముద్ర సరిహద్దు ఒప్పందంతో ఖరారు కూడా కాలేదు. రాత్రివేళ వల వేసి పడుకుంటే ప్రవాహం పడవను ఎటైనా తీసుకుపోవచ్చు. సరిహద్దు దగ్గరపడగానే మోగే అలారం కొన్ని యాప్‌లలో ఉంది. ఈ పనికి ఇంటర్నెట్ కన్నా జీపీఎస్ ముఖ్యం. అయితే జీపీఎస్ ఆన్‌లో ఉండాలి, ఫోనులో ఛార్జి ఉండాలి, మోత విని మేలుకునే మనిషి ఉండాలి.

ఒడ్డుతో మాట కలిపే పరికరాలు

ఓఖీ తరువాత ఈ లోపాన్ని పూడ్చే ప్రయత్నాలు సాగాయి. 2019 అక్టోబరులో ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 'జెమిని' అనే పరికరాన్ని విడుదల చేశాయి. ఇది ఉపగ్రహం నుంచి హెచ్చరికను అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోనులోని యాప్‌కు ఇస్తుంది. కానీ దీనితో వినగలమే గాని బదులు చెప్పలేము. తరువాత ఇస్రో రెండువైపులా సందేశాలు పంపగల ట్రాన్స్‌పాండర్‌ను, దానితో పనిచేసే 'నభ్‌మిత్ర' యాప్‌ను రూపొందించింది. లక్ష పడవలకు ఇలాంటి పరికరాలు అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైంది. పడవకు బిగించిన పెట్టె ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఫోను ఆ పెట్టెకు తెరలా పనిచేస్తుంది. యాప్ ఒక్కటే దింపుకుని, పెట్టె లేకుండా వెళితే ప్రయోజనం లేదు.

ఓడల కదలికలను చూపే 'మెరైన్ ట్రాఫిక్' వంటి యాప్‌లను కూడా ఇలాగే జాగ్రత్తగా వాడాలి. హజీరా దగ్గర తిరిగే పెద్ద ఓడలు తెర మీద కనిపించవచ్చు. అయితే ఆ సమాచారం ఆలస్యంగా రావచ్చు. పరికరం లేని చిన్న పడవ అందులో అసలు కనిపించదు. ఢీకొనకుండా కాపాడేది మన కళ్లే.

బయలుదేరే ముందు

ఏ యాప్ గురించి విన్నా మూడు ప్రశ్నలు వేయండి. ఈ సమాచారం ఎవరిది? ఎప్పటిది? టవరు లేకపోతే ఏమవుతుంది? ఆపై ఈ పనులు చేయండి: పటాన్ని, ఆటుపోట్ల వేళలను ముందే దింపుకోండి. ఫోనును నీరు చొరని సంచిలో పెట్టండి. తడివేళ్లకు తెర సరిగా స్పందించదని గుర్తుంచుకోండి. అదనపు బ్యాటరీ, లైఫ్ జాకెట్, దిక్సూచి తీసుకోండి. వీలైతే వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి. ప్రమాదంలో పిలవవలసింది దాని 16వ ఛానల్ మీద. సిగ్నల్ ఉన్నచోట తీరరక్షక దళం నంబరు 1554.

చివరగా, ఎటు వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి. దీనికి యాప్ అవసరం లేదు. మీరు సమయానికి రాకపోతే వెతకడం మొదలుపెట్టేది ఆ ఒక్కరే.

మీరు చేసి చూడండి

1. 49 మీటర్ల టవరు నుంచి దిగ్మండలం ఎంతదూరంలో ఉంటుందో లెక్కకట్టండి.
2. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆరుబయట మీ స్థానం కనిపిస్తుందేమో పరీక్షించండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి.
3. మీ ఫోనులోని యాప్‌లలో ఇంటర్నెట్ లేకుండా పనిచేసేవి ఏవో జాబితా తయారుచేయండి.
4. జెమినికి, రెండువైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్‌కు తేడా ఏమిటి? ఓఖీ సమయంలో దూరసముద్రంలో ఉన్నవారికి ఏది ఎలా ఉపయోగపడేదో అయిదు వాక్యాల్లో రాయండి.