జీడి తొక్క నూనె: చేతిని ఎందుకు కాలుస్తుంది? దేనికి పనికొస్తుంది?

పలాస, ఉద్దానం ప్రాంతాల్లో జీడి పిక్కలు కొట్టే వారి వేళ్లు నల్లబడి, తోలు ఊడి ఉండటం మీరు చూసే ఉంటారు. దీనికి కారణం తొక్క లోపలి గదుల్లో ఉండే చిక్కటి నూనె.

80 కిలోల బస్తా పిక్కలు కొడితే పప్పు 20 కిలోలకు కాస్త పైన వస్తుంది. మిగిలినదాంట్లో చాలా భాగం తొక్కే. తొక్క బరువులో సుమారు నాలుగో వంతు నూనె ఉంటుంది. పచ్చి నూనెలో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం, ఆ తర్వాత కార్డాల్. రెండింటిలోనూ ఆరు కార్బన్ పరమాణువులు చక్రంలా కలిసి ఉంటాయి. దానికి 15 కార్బన్ల పొడవైన తోక ఉంటుంది. ఫినాల్ జాతికి చెందిన ఆ చక్రం చర్మాన్ని కాలుస్తుంది. తోక కొవ్వు లాంటిది కనుక చర్మంలోకి సులువుగా దిగుతుంది. ఉత్త నీళ్లతో కడిగితే పోనిది అందుకే. కొందరికి ఒకటి రెండు రోజులు గడిచాక దురద, పొక్కులు వస్తాయి. మామిడి సొన పడనివారు మరింత జాగ్రత్తగా ఉండాలి, రెండూ ఒకే కుటుంబపు చెట్లు.

పిక్కలు ఉడికించాం కదా, ఇక ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆవిరి వేడికి అనకార్డిక్ ఆమ్లం పెద్దగా మారదు. పెనం మీద బాగా వేయించినంత వేడి తగిలితేనే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి, ఘాటు తక్కువైన కార్డనాల్‌గా మారుతుంది. కాబట్టి ఉడికిన పిక్కలు కొట్టేటప్పుడు కూడా రబ్బరు గ్లౌజులు వేసుకోండి. అవి లేకపోతే చేతులకు కొబ్బరి నూనె గానీ ఆముదం గానీ రాసి, మధ్యమధ్యలో బూడిద అద్దుకోండి. పని అయ్యాక సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్లు నలపవద్దు. పిల్లలు పచ్చి పిక్కను కొరకకుండా చూడండి.

ఈ నూనెకు గిరాకీ ఉంది. కార్డనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే వేడికి తట్టుకునే గట్టి రెసిన్ తయారవుతుంది. వాహనాల బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, వార్నిష్‌ల్లో దాన్ని వాడతారు. చెదలు పట్టకుండా కలపకు, పడవ చెక్కలకు ఈ నూనె పూయడం పాత అలవాటే.

పిక్కలుగానే అమ్మే రైతుకు తొక్క విలువ విడిగా కనబడదు. ఇంట్లోనే కొట్టి పప్పు అమ్మేవారు మాత్రం తొక్కను వంట పొయ్యిలో పెట్టవద్దు. ఆ పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. పైగా డబ్బు కూడా కాలిపోయినట్టే. తొక్కను వానకు తడవకుండా బస్తాల్లో ఉంచి, నూనె తీసే మిల్లుల్లో ఇద్దరు ముగ్గురిని ధర అడిగాకే అమ్మండి.