బాల్కనీలోనికి వంటయిల్లు

నగరములలోని అపార్టుమెంటులలో వంటయిల్లు ఇరుకనుట సర్వసాధారణమైన ఫిర్యాదు. బియ్యపు డబ్బాకు ఒక మూల, సిలిండరుకు మరియొక మూల పోగా మిగులునది వంటగట్టు ముందరి బారెడు నేల. దానిని ఆనుకొని బాల్కనీ యున్నచో, నడిమి గోడ తీసి, వెలుపల అద్దములు బిగించి, రెంటిని ఒకటి చేయవలెనని గృహస్థులకు తోచుట సహజము. కోరిక తప్పు కాదు. అయితే ఆ బాల్కనీ ఇంతకాలము వంటయింటికి గాలినిచ్చుచుండెనను సంగతి, అది మూతపడిన పిదపగాని తెలిసిరాదు.

భోజనశాల వేరుగా నున్న ఇంటిలో వంటగది వైశాల్యము 5 చదరపు మీటర్లకు, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పుచున్నది. కనీసము 1 చదరపు మీటరు కిటికీ ఆరుబయటికి తెరచుకొనవలెననియు అందే కలదు. మొదటి మాట అందరికి జ్ఞాపకముండును; రెండవది మరతురు. జరుపుడు అద్దముల కిటికీ పెట్టించినవారు చట్రపు కొలత చూచి తృప్తిపడుదురు గాని, రెండు పలకలలో ఒకటి ఎప్పుడును అడ్డముగనే యుండుటచే గాలికి దక్కునది సగమే. ఆ సగమును సైతము ముంబయిలో వానజల్లునకు, హైదరాబాదులో దుమ్మునకు వెరచి మూసివేయుదురు. అప్పుడు పోపు ఘాటు, నూనె పొగ, మంటనుండి పుట్టు నైట్రోజన్ డయాక్సైడు పడకగదులలోనికి పాకును. ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు ఇది మిక్కిలి హానికరము. ఎగ్జాస్టు ఫ్యాను మేలే; కాని లోనికి గాలి వచ్చు దారి లేనిచో అది తిరుగునేగాని పొగను లాగజాలదు.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి లేవక నేలబారుగా వ్యాపించును. బాల్కనీ తెరచియున్న నాళ్లలో అది గడపదాటి జారిపోవుటకు వీలుండెడిది. కావున క్రొత్త గోడలో నేలకు దగ్గరగా ఒక జాలీని అమర్చి, దానిని ఎన్నడును మూయకుండవలెను. పొయ్యిని కిటికీ ప్రక్కకు మార్చుట మంచిది కాదు. విసురుగాలికి మంట ఆరి, గ్యాసు మాత్రము వచ్చుచుండును. పొయ్యి పాతచోటనే యుండి, అలమరలు బాల్కనీకి పోవుట మేలు.

బరువు మాటయు కలదు. గోడనుండి ముందుకు చాచిన బాల్కనీ పలకలో ముఖ్యమైన ఇనుప ఊచలు పైభాగముననే యుండును. గొట్టము కొరకు నేలను చెక్కు పనివాడు వానినే తెగగొట్టవచ్చును. అంచుమీద 2.5 మీటర్ల ఎత్తున సగము ఇటుక గోడ కట్టినచో మీటరు పొడవునకు 500 కిలోలు మించును. తేలికయైన అల్యూమినియము చట్రము చాలును. నడిమి గోడను తొలగించుటకు ముందు ఇంజనీరునకు చూపి, పురపాలక సంఘము అనుమతిని, నివాసుల సంఘము సమ్మతిని పొందవలెను.

బాల్కనీలోని గొట్టము సాధారణముగా వాననీటికై వేసినది. అంట్లతొట్టి నీటిని దానిలోనికి వదలినచో, గంజియు జిడ్డును పెరటి కాలువలో నిలిచి దోమలు ముసరును. పై అంతస్తులోని వంటయింటి నీటికి క్రింది అంతస్తువారు దోమతెరలు కట్టుకొనవలసి వచ్చును.