మెదడులో చిప్‌తో చదరంగం: పోటీ సమానమేనా?

మెదడులో చిప్ ఉన్న మనిషి, లేని మనిషి ఎదురెదురుగా కూర్చుని చదరంగం (మన ఇళ్లలో షత్రంజ్ అన్నా అదే) ఆడితే అది సమానమైన పోటీ అవుతుందా? ఇది సినిమా కథేం కాదు. 2024 జనవరిలో అమెరికాకు చెందిన నోలాండ్ అర్బా మెదడులో న్యూరాలింక్ సంస్థ చిప్ అమర్చింది. ప్రమాదంలో భుజాల కింద శరీరం చచ్చుబడిపోయిన ఆయన, మార్చిలో లైవ్ వీడియోలో చెయ్యి కదపకుండానే కంప్యూటర్‌లో చెస్ ఆడి చూపించారు.

అయితే ఆ చిప్ ఆయనకు ఎత్తు చెప్పలేదు. ఏ పావు ఎటు జరపాలో ఆలోచించింది ఆయనే. ఆ ఆలోచనను చిప్ కంప్యూటర్ తెర దాకా చేర్చింది, అంతే.

తేడా అర్థం కావాలంటే మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే చోట కాసేపు నిలబడితే చాలు. అంకుడు కర్రను ఇప్పుడు మోటారు తిప్పుతుంది. కానీ ఉలి ఎక్కడ ఆనించాలో, ఎంత నొక్కాలో తేల్చేది పనివాళ్ల చెయ్యే. మోటారు ఉందని అది చేతిపని కాకుండా పోదు. ఆకారం కూడా మిషనే చెక్కేస్తే మాత్రం అది వేరే సరుకు.

చెస్ నిబంధనలూ ఇదే దారిలో ఉన్నాయి. చూపు లేని ఆటగాళ్లు తడిమి చూసుకోవడానికి విడిగా బోర్డు పెట్టుకోవచ్చు. ఎత్తులు రాయలేనివాళ్లు ఇంకొకరి చేత రాయించుకోవచ్చు. అందుకు గడియారంలో టైం సర్దుతారు, దివ్యాంగులకు మాత్రం అదీ ఉండదు. అదే ఎత్తు చెప్పే సాయమైతే క్షమించరు. 2006లో ఢిల్లీలో టోపీలో బ్లూటూత్ కుట్టించుకుని దొరికిన ఆటగాడికి పదేళ్ల నిషేధం పడింది.

చిక్కంతా ముందుంది. టోపీ తీయమనొచ్చు, ఫోన్ బయట పెట్టమనొచ్చు. పుర్రె లోపలి చిప్‌ను తీసి బల్ల మీద పెట్టమనలేం కదా! బయటి నుంచి మెదడుకు ఎత్తులు అందించే చిప్‌లు రేపు వస్తే, మెటల్ డిటెక్టర్ మోగుతుందే తప్ప ఏమీ తేల్చలేదు. అలాగని చిప్ ఉన్నవాళ్లందరినీ గెంటేస్తే అర్బా లాంటివాళ్లకు దారే మూసుకుపోతుంది. నా మటుకు, ఆట జరిగినంతసేపు చిప్‌లోకి ఏం వచ్చిందో ఆ రికార్డు ఆర్బిటర్ చేతికి ఇవ్వాలి. ఎత్తు చెప్పే చిప్‌లకు పోటీయే వేరుగా పెట్టాలి.

అలాంటి పోటీ కొత్తేం కాదు. 1998లో స్పెయిన్‌లోని లియోన్‌లో కాస్పరోవ్, తోపలోవ్ చెరో కంప్యూటర్ పక్కన పెట్టుకుని ఆడారు. అంతకు కొద్ది వారాల ముందు కంప్యూటర్ లేకుండా తోపలోవ్‌ను 4-0తో ఓడించిన కాస్పరోవ్, ఈసారి 3-3తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.