చుక్కలు వేశారుగా, మళ్లీ సూది ఎందుకు?

మన స్త్రీల సమాజము కూడికలలో తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. బిడ్డ పుట్టిన వెంటనే నోటిలో రెండు చుక్కలు వేశారు. నెలన్నరకు మళ్లీ చుక్కలు వేసి, కుడి చేతికి చిన్న సూది కూడా వేశారు. రెండూ పోలియోకే అంటున్నారు. ఒకే జబ్బుకు రెండు మందులెందుకు? అదీ ఇన్నిసార్లెందుకు? అడిగేవారు కొందరైతే, అడగకుండానే మానేసేవారు మరికొందరు. మొదటిసారి బిడ్డకు జ్వరము వచ్చిందనో, నాట్లు పడుతున్నవనో రెండవసారి వెళ్లరు. "నర్సమ్మ చెప్పింది, వేయించండి" అనే జవాబు ఇట్టివారికి చాలదు. అసలు టీకా వేసినప్పుడు బిడ్డ ఒంటిలో ఏమి జరుగుతుందో తెలిస్తే, మిగిలిన ప్రశ్నలకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

కాలికి ముల్లు దిగి చీము పట్టినప్పుడు గజ్జల్లో బిళ్ల కట్టడము మనకందరికీ తెలుసు. ఆ బిళ్లలు జబ్బు కావు. అవి మన ఒంటి కావలి ఠాణాలు. క్రిమి లోపలికి రాగానే అక్కడి తెల్ల రక్తకణాలు దానిని పరీక్షించి, దానికి సరిపోయే ఆయుధము తయారు చేస్తాయి. ఆ ఆయుధాలనే ప్రతిరక్షకాలు అంటారు. తాళానికి తాళపుచెవి ఎట్లో, ఒక్కో క్రిమికి ఒక్కో ప్రతిరక్షకము అట్లు. పోలియోకు తయారైనది తట్టుకు పనికిరాదు. అందుకే ఇన్ని రకాల టీకాలు.

మొదటిసారి ఈ ఆయుధము తయారు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ లోపలే నిజమైన క్రిమి తన పని ముగించవచ్చు. అయితే పోరాటము ముగిసిన తరువాత కొన్ని కణాలు చనిపోక, ఆ శత్రువు రూపును జ్ఞాపకముంచుకొని మిగిలిపోతాయి. ఆ క్రిమి మళ్లీ వస్తే ఇవి కొద్ది రోజులలోనే, మొదటిసారికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ప్రతిరక్షకాలను పుట్టిస్తాయి. టీకా చేసే పని ఇదే. చంపిన క్రిమిని గాని, బలము తీసివేసిన క్రిమిని గాని, దానిలోని చిన్న ముక్కను గాని చూపించి, జబ్బు రాకుండానే ఆ జ్ఞాపకాన్ని పుట్టిస్తుంది. రెండవ మోతాదు, మూడవ మోతాదు వేసేది ఆ జ్ఞాపకము గట్టిపడడానికే. పిల్లలకు ఎక్కాలు ఒక్కసారి చెప్పి ఊరుకోము గదా!

ఈ జ్ఞాపకము ఎంత కాలము ఉంటుంది? దీనికి ఒక చక్కని నిదర్శనము ఉన్నది. ఉత్తర అట్లాంటిక్ సముద్రములో ఫారో దీవులున్నవి. 1781లో అక్కడ తట్టు వచ్చి పోయింది. మళ్లీ 65 సంవత్సరాలు రాలేదు. 1846లో ఓడ మీద వచ్చిన ఒకరి ద్వారా అది తిరిగి ప్రవేశించి, సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందిని పడవేసింది. పరిశీలించడానికి వెళ్లిన పీటర్ పానుమ్ అనే యువ డేనిష్ వైద్యుడు ఒక విచిత్రము గమనించాడు. 1781లో చిన్నతనాన తట్టు పోసిన ముసలివారిలో ఒక్కరికైనా రెండవసారి రాలేదు. అది టీకా వలన కలిగిన రక్షణ కాదు, జబ్బు వలన కలిగినది. అయినా ఒంటికి ఎంతటి జ్ఞాపకశక్తి ఉన్నదో దానివలన తెలిసింది. అన్ని జబ్బుల విషయములో ఇంత కాలము ఉండదు. ధనుర్వాతము టీకాను మధ్య మధ్య మళ్లీ వేయవలసి రావడము అందుకే.

ఇక పోలియో మాటకు వద్దాము. పోలియో క్రిమి నోటి ద్వారా ప్రవేశించి, పేగులలో పెరిగి, మలము ద్వారా బయటికి పోయి మరొకరిని చేరుతుంది. దాదాపు 200 మందికి సోకితే వారిలో ఒకరికి అది నరాలకు ఎక్కి, కాలో చెయ్యో చచ్చుబడుతుంది. మిగిలినవారికి ఏమీ తెలియదు, కాని వారు కూడా దానిని పంచిపెడుతూనే ఉంటారు. కనుక కాపలా రెండు చోట్ల కావాలి. పేగులలో కాపలా ఉంటే క్రిమి ఊరిలో వ్యాపించదు. రక్తములో కాపలా ఉంటే నరాలకు ఎక్కదు.

అమెరికాలో జోనాస్ సాల్క్ తయారు చేసిన సూదిమందు 1955లో వచ్చింది. అందులో ఉన్నది చంపిన క్రిమి. రక్తములో చక్కని రక్షణ ఇస్తుంది, పేగులలో మాత్రము తక్కువ. తరువాత కొన్నేళ్లకు ఆల్బర్ట్ సేబిన్ చుక్కలమందు వచ్చింది. అందులోనిది బలము తగ్గించిన బ్రతికిన క్రిమి. అది నోటి దారినే పోయి పేగులకే పాఠము నేర్పుతుంది. సూది ఒక్కటే చాలదా అనేవారు ఇశ్రాయేలు దేశపు సంగతి తెలుసుకోవాలి. 2005 నుండి అక్కడ సూది మాత్రమే వేసేవారు. దాదాపు పిల్లలందరూ వేయించుకున్నవారే. అయినా 2013లో అక్కడి మురుగునీటిలో పోలియో క్రిమి బయటపడింది. ఒక్క బిడ్డకైనా కాలు పడిపోలేదు, సూది ఆ మేలు చేసింది. కాని క్రిమి పేగునుండి పేగుకు నిశ్శబ్దముగా తిరుగుతూనే ఉన్నది. చివరకు చుక్కలు మళ్లీ వేయవలసి వచ్చింది.

మరి చుక్కలు ఒక్కటే చాలవా? దీనికి జవాబు వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల నుండి వచ్చింది. అక్కడ డాక్టరు టి. జేకబ్ జాన్ గారు 1970లలో పిల్లల రక్తము పరీక్షించి చూడగా, పాశ్చాత్య దేశాలలో మూడు మోతాదులకు వచ్చిన రక్షణ మన పిల్లలలో చాలామందికి రాలేదు. మందు చెడ్డది కాదు. మన పిల్లల పేగులలో విరేచనాలు, ఇతర క్రిములు ఎక్కువ. అవి టీకా క్రిమికి చోటివ్వవు. ఈ మాట మింగుడుపడని వారు చాలామంది ఉండిరి. 2006లో వెలువడిన ఒక లెక్క ప్రకారము, ఉత్తరప్రదేశ్‌లో ముఖ్యమైన ఒకటవ రకము పోలియోకు ఒక్కో మోతాదు ఇచ్చిన రక్షణ నూటికి 9 వంతులే. "పోలియో ఆదివారము" పేరిట ఏటేటా చుక్కలు వేస్తుంటే మనవాళ్లు విసుక్కున్న మాట నిజమే గాని, అన్నిసార్లు వేయడానికి కారణము ఇదే. 1995లో మొదలైన ఆ ప్రయాసము వృథా పోలేదు. 2009లో దేశములో 741 మంది పిల్లలకు పోలియో వచ్చింది. 2011లో వచ్చినది ఒక్కరికే, పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో లేనిదిగా ప్రకటింపబడింది.

అంతకంటె ఆసక్తికరమైన సంగతి ఆ తరువాత తెలిసింది. వేలూరులోను, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులోను, అంతకుముందే ఎన్నోసార్లు చుక్కలు వేసుకున్న పిల్లలకు ఒక్క సూది వేసి చూశారు. చేతికి వేసిన సూదితో పేగులలోని రక్షణ పెరిగింది! పేగులకు చుక్కలు నేర్పిన పాఠాన్ని సూది గుర్తుచేసిందన్నమాట. పాఠమే చెప్పని చోట గుర్తుచేయడానికి ఏమీ ఉండదు, ఇశ్రాయేలులో జరిగినది అదే. ఒకే జబ్బుకు రెండు మందులెందుకని అడిగిన తల్లికి మా జవాబు ఇదే.

చుక్కలలో ఒక చిక్కు కూడా ఉన్నది. టీకాలు సరిగా వేయని చోట్ల, ఆ బలహీనపు క్రిమి పేగునుండి పేగుకు చాలాకాలము తిరిగి, అరుదుగా మళ్లీ బలము పుంజుకుంటుంది. అందువలన 2016 ఏప్రిల్‌లో రెండవ రకము క్రిమిని చుక్కలనుండి తీసివేశారు. అదే ఏడు హైదరాబాదు మురుగునీటిలో అట్టి రెండవ రకపు క్రిమి కనబడింది. ఏ బిడ్డకూ జబ్బు రాకముందే, జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి ప్రాంతాలలో 3 లక్షలకు పైగా పిల్లలకు సూది వేశారు. మామూలు మోతాదు 0.5 మిల్లీలీటరు. వారికి వేసినది అందులో అయిదవ వంతు, 0.1 మాత్రమే, అదీ చర్మపు పొరలోనికి. క్రిమిని పట్టుకొని బిళ్లలకు మోసుకుపోయే కణాలు చర్మములో దండిగా ఉంటాయి కనుక కొంచెము మందే చాలును. కండలోనికి వేసే ఒక్క పూర్తి మోతాదుకంటె ఇట్టి చిన్న మోతాదులు రెండు మేలని తేలింది. మీ బిడ్డ చేతికి వేసిన సూది అంత చిన్నదిగా ఉండడము పొదుపు కోసము మాత్రమే కాదు.

తట్టు టీకా తొమ్మిది నెలల దాకా ఎందుకు వేయరని కూడా అడుగుతుంటారు. తల్లి గర్భమునుండి బిడ్డ తెచ్చుకున్న ప్రతిరక్షకాలు కొన్ని నెలలుంటాయి. అవి ఉండగా వేస్తే టీకా క్రిమిని అవే చంపివేస్తాయి, బిడ్డ స్వంత సైన్యము ఏమీ నేర్చుకోదు. తొమ్మిదవ నెలలో వేసినా నూటికి 85 మందికే రక్షణ కలుగుతుంది. మిగిలినవారి కోసము 16 నుండి 24 నెలల మధ్య రెండవసారి వేస్తారు.

ఒళ్లు కొంచెము వెచ్చబడితే సైన్యము కదిలిందని అర్థము. జ్వరము రాకపోతే టీకా పనిచేయలేదని మాత్రము కాదు. ఒక మోతాదు తప్పిపోయి నెలలు గడిచినా మొదటినుండి ప్రారంభించనక్కరలేదు, ఆగినచోటినుండి వేయించవచ్చును. పోలియో సూది ఆరు వారాలకు, పదునాలుగు వారాలకు వేసేవారు. 2023 నుండి మూడవది కూడా చేర్చారు. తొమ్మిదవ నెలలో తట్టు టీకాకు వెళ్లినప్పుడే దానినీ వేస్తారు. కార్డు తీసికొని వెళ్లి, ఆ గడి నిండినదో లేదో నర్సమ్మగారిని అడిగి చూచుకొనండి.