తెరమీది అంకె చెప్పు సంగతి

పట్టా వివరము చూచుకొనవలెనన్నా, పి.ఎం. కిసాన్ వాయిదా జమపడినదో లేదో తెలిసికొనవలెనన్నా నేడు చేతిలోని ఫోను తెరవక తప్పదు. తెరచినప్పుడు ఒక్కొక్కసారి రికార్డుకు బదులు తెల్లని పుట, దానిమీద 404 అనియో 503 అనియో ఒక అంకె, క్రింద రెండు ముక్కల ఇంగ్లీషు కనిపించును. అది చూచి కొందరు "సర్వరు లేదు" అని ఫోను జేబులో వేసికొందురు. మరికొందరు అదే మీటను పదిసార్లు నొక్కుదురు. రెండును తొందరపాటే. లోపము మన వైపున నున్నదా, అవతలి వైపున నున్నదా అను సంగతి ఆ అంకెలోనే కలదు.

ఫోనులోని బ్రౌజరు మన అర్జీ పట్టుకొనిపోవు బంట్రోతు వంటిది. అది వెబ్‌సైటు పేరునుబట్టి చిరునామా కనుగొని, అక్కడి సర్వరు అను కంప్యూటరును చేరి, మనకు కావలసిన కాగితము అడుగును. సర్వరు ప్రతి అర్జీకి మూడంకెల జవాబు నిచ్చును. పని సవ్యముగా జరిగినచో ఆ జవాబు 200. అది మన కంటబడదు, కాగితమే కంటబడును. పని చెడినప్పుడే అంకె బయటకు వచ్చును. ముందుగా మొదటి అంకె చూడవలెను. అది 4 అయినచో అడిగిన తీరులో ఏదో లోపమున్నదని సర్వరు చెప్పుచున్నది. 5 అయినచో లోపము తనదేనని అది ఒప్పుకొనుచున్నది.

అన్నిటికంటె తరచుగా కనిపించునది 404. కచేరి తెరచియే ఉన్నది, గుమాస్తా ఉన్నాడు, కాని మీరు చెప్పిన అరలో ఆ కాగితము లేదు. ఇది చూచి "నా పొలము రికార్డులో లేకుండ పోయినది" అని బెంగపడినవారు కలరు. ఆ భయము వలదు. లేనిది పుట మాత్రమే, పట్టా కాదు. చిరునామాలో ఒక అక్షరము తప్పినను, ఎవరో నిరుడు వాట్సాపులో పంపిన పాత లింకు నొక్కినను ఈ అంకెయే వచ్చును. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినది. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. ఇట్టి మార్పులు జరిగినప్పుడు దాచుకొన్న పాత లింకులు పనికిరాకపోవచ్చును. కనుక 404 వచ్చినచో వేచియుండుట వలన లాభము లేదు. ఆ వెబ్‌సైటు మొదటి పుటకు పోయి, అక్కడినుండి దారి వెదకుకొనవలెను.

403 అనగా గుమ్మమువద్దనే ఆపివేసినారన్న మాట. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు విదేశములనుండి వచ్చు అర్జీలను అనుమతించవు. అమెరికాలోనున్న అబ్బాయి తండ్రి పొలము వివరము చూడబోయి తెరవలేకపోయినచో, అదే పని ఊరిలోని ఫోనులో చేసి చూడవలెను. 429 అనగా మరీ ఎక్కువసార్లు అడిగితిరని అర్థము. మీటను విడువక నొక్కువారికి దక్కు ఫలము ఇదియే!

ఇక 5తో మొదలగునవి. 500 వచ్చినచో లోపల ఏదో చెడినది. 503 వచ్చినచో రద్దీ గాని, మరమ్మతు గాని జరుగుచున్నది. వాయిదా సొమ్ము విడుదలైన దినమునను, దరఖాస్తులకు ఆఖరు తేదీనాడును ఇది సహజము. ఊరందరు ఒక్కసారి బావిలో చేదలు వేసినచో ఎవరి చేదయు నిండదు. తెల్లవారుజామున గాని, రాత్రి ప్రొద్దుపోయిన తరువాత గాని ప్రయత్నించినచో పని సులభమగును. ఆఖరు తేదీవరకు ఆగకుండుట ఇంకను మేలు.

502, 504 అనునవి మధ్యవర్తి చెప్పు మాటలు. ముందున్న సర్వరు వెనుకనున్న సర్వరును అడిగినది. సరియైన జవాబు రానిచో 502, వేళకు జవాబే రానిచో 504. సొమ్ము కట్టునప్పుడు 504 వచ్చినచో మిక్కిలి జాగ్రత్త వహించవలెను. జవాబు రాలేదన్నంత మాత్రమున పని జరుగలేదని కాదు. బీమా ప్రీమియము అవతల జమపడియుండి, రసీదు మాత్రమే దారిలో ఆగియుండవచ్చును. మరల నొక్కినచో రెండవసారి కట్టినట్లగును. ముందు బ్యాంకు ఖాతా చూడవలెను. తరువాత వెబ్‌సైటులో దరఖాస్తు స్థితి చూడవలెను. యు.పి.ఐ. ద్వారా వర్తకునికి చెల్లించిన సొమ్ము మీ ఖాతాలో తగ్గి, అవతల ధ్రువపడనిచో, ఆ దినము తరువాత 5 దినములలో తిరిగి జమకావలెననియు, అంతకు మించి ఆలస్యమైనచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహార మీయవలెననియు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తరువు చేసినది.

అంకె లేని సందేశములు

క్రోము బ్రౌజరులో చిన్న రాకాసి బల్లి బొమ్మ కనిపించినచో ఇంటర్నెట్టు అందుట లేదని అర్థము. సిగ్నలు, డేటా చూచుకొనిన చాలును. వెబ్‌సైటు పేరే దొరకలేదని వచ్చినచో అక్షరములు సరిచూడవలెను.

"మీ కనెక్షన్ ప్రైవేటు కాదు" అను హెచ్చరిక వేరు. సాధారణముగా వెబ్‌సైటు తన గుర్తింపునకు గడువుగల పత్రము చూపును. ఆ పత్రము సరిగా లేనప్పుడు బ్రౌజరు మనలను ఆపును. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన పాత ఫోనులో తేదీ తప్పుగా నుండుట వలన కూడ ఇట్లగును. తేదీ సరిచేసినను హెచ్చరిక పోనిచో, దానిని దాటి పోయి ఆధారు నంబరు గాని, ఓ.టి.పి. గాని ఈయరాదు. హెచ్చరిక రానంత మాత్రమున అది నిజమైన వెబ్‌సైటని నమ్మరాదు. దొంగ వెబ్‌సైట్లును పత్రములు సంపాదించుచున్నవి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల వెబ్‌సైట్లలో పెక్కింటి పేరు, మొదటి గీటుకు ముందు, "గవ్ డాట్ ఇన్" అని ముగియును. ఆ మాట పేరు నడుమ వచ్చి, చివర మరేదో ఉన్నచో అనుమానింపవలెను. "మీ ఫోనుకు వైరస్ సోకినది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వచ్చు పుట బ్రౌజరు సందేశము కాదు, మోసము. అట్లు మోసపోయి సొమ్ము పోగొట్టుకొన్నవారు ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. వెబ్‌సైటు తెరవలేదని రైతు వచ్చినప్పుడు తెరమీది అంకె, పుట పేరు, తేదీ, వేళ కనిపించునట్లు ఫొటో తీయించి పైకి పంపవలెను. "పనిచేయుట లేదు" అని మాత్రమే వ్రాసినచో బాగుచేయువారికి ఏ దారియు తోచదు. ప్రధానమంత్రి పంటల బీమా అమలులోనున్న చోట వడగండ్ల వంటి స్థానిక వైపరీత్యము వలన నష్టము కలిగినచో 72 గంటలలోపల తెలుపవలెను. ఆ గంటలలో 503 వచ్చినచో వెబ్‌సైటు తేరుకొనువరకు కూర్చుండక, 14447 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించి, వారిచ్చు సంఖ్యను బీమా కాగితము మీదనే గుర్తువేసికొనవలెను.